చివర సి.ఎస్. అని ఉన్నవన్నీ

బ్రాటిస్లావా,
14 జనవరి 1992

థార్న్‌వెల్ విశ్వవిద్యాలయం మెయిల్ సర్వర్ పోస్ట్‌మాస్టర్ గారికి,

అయ్యా,

మీ ఉత్తరాలు మాకు వస్తున్నాయి. దయచేసి ఆపగలరు.

మా సంస్థలో ఒక యంత్రం ఉంది. చెకొస్లొవేకియాకి వచ్చే ఈమెయిళ్ళు అదే అందుకుంటుంది. చిరునామా చివర సి.ఎస్. అని ఉంటే అది మా దేశం. ఆ రెండక్షరాలు మాకు ఈమధ్యే ఇచ్చారు. వచ్చినవాటిలో మనిషి ఎవరో తేలనివి నా బుట్టలో పడతాయి, ఇక్కడ పోస్ట్‌మాస్టర్‌ని నేనే కాబట్టి. నవంబరు మూడో వారం నుంచి ఇవాళ్టి దాకా నా బుట్టలో 212 పడ్డాయి. అన్నీ థార్న్‌వెల్ నుంచి థార్న్‌వెల్‌కే రాసినవి. రాసినవాళ్ళూ మీవాళ్ళే, అందుకోవలసినవాళ్ళూ మీవాళ్ళే. మధ్యలో మేం ఎందుకున్నామో నాకు తెలియలేదు.

మాకు వియన్నా దాకా ఒకే ఒక్క ఫోన్ లైను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. నిన్న సాయంత్రం గంటలో నలభై నిమిషాలు మీ ఉత్తరం ఒక్కటే తినేసింది. విషయం అన్న వరసలో 'కొత్త కుర్చీలు' అని ఉంది. బొమ్మలు జతచేసినట్టున్నారు. అంతకు మించి నేను చదవలేదు.

ఈ సంగతి మీ కంప్యూటర్ సైన్స్ శాఖకి ఈమెయిల్‌లో మూడుసార్లు రాశాను. మూడూ ఇంగ్లండ్ దాకా వెళ్ళి నాకే తిరిగొచ్చాయి. తిప్పికొట్టినట్టు కాదు, నాకే రాసిన కొత్త ఉత్తరాల్లాగా. అందుకే ఇది కాగితం మీద రాస్తున్నాను.

ఇట్లు,
ఇంజినీరు డ్రహొమీరా కుబీచ్‌కోవా
పోస్ట్‌మాస్టర్


థార్న్‌వెల్, యార్క్‌షైర్,
24 జనవరి 1992

శ్రీమతి కుబీచ్‌కోవా గారికి,

మీ ఉత్తరం నిన్న చేరింది. కవరు మీద పోస్ట్‌మాస్టర్ అని ఉండేసరికి మా గేటు దగ్గరవాళ్ళు దాన్ని ఊళ్ళో తపాలా కార్యాలయానికి పంపించారు. వాళ్ళు మూడు రోజులు ఆలోచించి తిప్పి పంపారు. ఇలాంటి విషయాల్లో మా ఊరికి మొదటి నుంచీ అదృష్టం తక్కువ.

కలిగిన ఇబ్బందికి చాలా విచారిస్తున్నాను. జరిగింది ఇది. ఇక్కడి విశ్వవిద్యాలయాల మధ్య మాకు సొంత లైన్లున్నాయి, వాటికి సొంత పద్ధతి ఉంది. చిరునామా పెద్దదానితో మొదలుపెడతాం. ముందు దేశం, తర్వాత విద్యాసంస్థలు, తర్వాత థార్న్‌వెల్, చివర శాఖ. మిగతా ప్రపంచం చిన్నదానితో మొదలుపెట్టి దేశంతో ముగిస్తుంది. వాళ్ళది తిరగేసిన పద్ధతని మేం అంటాం. ఈ రెంటి మధ్యా మా సర్వర్ కూర్చుని, వచ్చిన ప్రతి చిరునామాకీ తల ఏదో తోక ఏదో తేల్చుకోవాలి. కంప్యూటర్ సైన్స్ శాఖకి మా పొట్టి పేరు సి.ఎస్. మా పద్ధతిలో అది చివర వస్తుంది. సర్వర్ అది చూసి మీ దేశం అనుకుంది.

అందరివీ ఇలా జరగలేదు. మావాళ్ళలో ఎక్కువమంది బద్ధకంతో శాఖ పేరొక్కటే కొట్టి ఊరుకుంటారు. అవి పక్క భవనానికి చక్కగా చేరాయి. చిరునామా మొత్తం ఓపిగ్గా, పూర్తిగా కొట్టినవాళ్ళవి మాత్రమే మీ దగ్గరికి వచ్చాయి.

ఒక పట్టికలో ఒక వరస కిందామీదా కావడం జరిగింది. సరిచేయడం కూడా జరిగింది. ఇక రావు. వచ్చినవాటిని మీరు నిశ్చింతగా చెరిపేయవచ్చు. ఈ విషయమై మా శాఖాధిపతులకు విడిగా రాసే శ్రమ మీరు తీసుకోనక్కర్లేదు.

మీ విధేయుడు,
విల్ఫ్రెడ్ గార్‌సైడ్
కంప్యూటర్ సర్వీసు


బ్రాటిస్లావా,
4 ఫిబ్రవరి 1992

శ్రీ గార్‌సైడ్ గారికి,

జవాబుకి ధన్యవాదాలు. మీ ఉత్తరం రాసిన రోజు దాకా ఇంకో ఆరు వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. మొత్తం 218.

దేశం ముందు రాయడం మాకు కొత్త కాదు. సోవియట్ యూనియన్ నుంచి వచ్చే కవర్ల మీద అలాగే ఉండేది. ఇంగ్లండ్ కూడా అదే పద్ధతి పాటిస్తుందని తెలియదు.

రెండు సంగతులు. మొదటిది, చెరిపేయమన్నారు. అవి నావి కావు, మీవీ కావు. ఎవరికి రాశారో వాళ్ళవి. కాబట్టి ఒక టేపులోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. నా పక్క బల్ల దగ్గర కూర్చునే లుబోష్ అన్నాడు: "చదివెయ్యండి మేడమ్. ఊరికే వచ్చిన ఇంగ్లీషు పాఠాలు కదా!" నేను చదవలేదు, అతన్నీ చదవనివ్వలేదు. బీరువా తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

రెండోది, 218 ఉత్తరాలు రాసినవాళ్ళు అవి చేరాయనే అనుకుంటున్నారు. చేరలేదని వాళ్ళకి చెప్పారా?

డ్రహొమీరా కుబీచ్‌కోవా


థార్న్‌వెల్,
17 ఫిబ్రవరి 1992

శ్రీమతి కుబీచ్‌కోవా గారికి,

ఇక్కడ పది రోజులుగా ఆగకుండా వాన. మా యంత్రాల గది నేలమాళిగలో ఉంది. మూల నుంచి నీళ్ళు ఊరుతున్నాయని భవనాల విభాగానికి రాస్తే, అది వాన కాదు, గోడ చెమర్చడం అని జవాబిచ్చారు. బకెట్ మాత్రం పంపారు.

సోవియట్ కవర్ల సంగతి మా క్యాంటీన్లో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మా పద్ధతిని తయారుచేసిన సంఘంలో ఒకాయన అక్కడే కూర్చుని ఉన్నాడని తర్వాత తెలిసింది.

మీరు అడిగినదాని గురించి. విశ్వవిద్యాలయాల్లో మనుషులు ఒకరికొకరు రాసుకునేది చాలా వరకు మీటింగుల గురించే. అవి ఎలాగూ జరిగిపోయి ఉంటాయి. చేరలేదని ఇప్పుడు చెబితే లేనిపోని కంగారు పుడుతుంది. అంతగా అవసరమైనవాళ్ళు మళ్ళీ రాసే ఉంటారు.

మీ దగ్గర మంచు ఎలా ఉంది?

విల్ఫ్రెడ్ గార్‌సైడ్


బ్రాటిస్లావా,
26 ఫిబ్రవరి 1992

శ్రీ గార్‌సైడ్ గారికి,

మంచు ఉంది.

మీరు వాళ్ళకి చెప్పలేదని అర్థమైంది.

'కిందామీదా కావడం జరిగింది, సరిచేయడం జరిగింది' అని జనవరిలో రాశారు. చేసినవాళ్ళు ఎవరూ లేకుండానే అన్నీ వాటంతటవే జరిగిపోయే వాక్యాలవి. మా దేశంలో వాటిని నలభై ఏళ్ళు వాడాం. వాటి తయారీలో మాకు మంచి అనుభవం ఉంది. అందుకే చూడగానే గుర్తుపట్టాను.

డి. కుబీచ్‌కోవా


థార్న్‌వెల్,
16 మార్చి 1992

కుబీచ్‌కోవా గారికి,

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. ఇప్పుడు ఒక అవసరం పడి రాస్తున్నాను, అది నాకే బాగా అనిపించడం లేదు.

గత మంగళవారం నా గది దగ్గరికి ఒకామె వచ్చింది. పేరు అబెనా క్వార్టెంగ్. ఘానా దేశస్థురాలు. కంప్యూటర్ సైన్స్ శాఖలో నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆమె గైడు పోయిన వేసవిలో కెనడాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. కొత్త గైడుతో సగం పని మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. థీసిస్‌కి ఆర్నెల్ల గడువు కావాలని దరఖాస్తు పెట్టుకోవాలి, డిసెంబరు పదమూడు మధ్యాహ్నం లోపల. శాఖ గదులకి రంగులు వేస్తుంటే ఆమె మా కేంద్ర భవనంలో కూర్చుని దరఖాస్తు ఈమెయిల్‌లో పంపింది. శాఖవాళ్ళు అచ్చువేసిన పుస్తకంలో చిరునామా ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టింది.

జవాబు రాలేదు. గడువు ఇచ్చేసి ఉంటారనుకుంది. ఈ నెల మొదటి వారంలో కాగితం వచ్చింది: దరఖాస్తు రానందున ఆమె నమోదు రద్దయింది, మే చివరికల్లా దేశం విడిచి వెళ్ళాలి.

శాఖాధిపతి ప్రొఫెసర్ పామ్‌ఫ్రెట్ ఆమెను నా దగ్గరికి పంపాడు. తనూ వెనకే వచ్చాడు.

"పంపానంటోంది. నాకు రాలేదు. మీ సర్వర్ ఏమంటుంది గార్‌సైడ్? మిషన్లు అబద్ధాలు చెప్పవు కదా!"

"మా దగ్గర రికార్డు ఒక నెలే ఉంటుందండీ. డిసెంబరుది చెరిగిపోయింది" అన్నాను. అది నిజమే.

ఆమె నన్నే చూసింది. "నేను పంపాను సార్. ఆయనకి రాలేదంటున్నారు, అది కూడా నమ్ముతాను. మరి మధ్యలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఎవరో ఒకరుండాలి కదా?"

"కనుక్కుంటాను" అన్నాను.

విచారణ సంఘం ఏప్రిల్ ముప్పైన కూర్చుంటుంది. దయచేసి మీ టేపులో డిసెంబరు ఆరు నుంచి పదమూడు లోపు ఆమె పేరుతో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే తెరిచి, అది దరఖాస్తేనో కాదో చదివి, నకలు పంపండి.

విల్ఫ్రెడ్ గార్‌సైడ్


బ్రాటిస్లావా,
26 మార్చి 1992

గార్‌సైడ్ గారికి,

ఉంది. 144వది.

తెరవను. మీరు అడిగినా తెరవను, ఆమె అడిగితే ఆమెకే పంపుతాను. కారణం నా సొంతం.

కానీ తెరవనవసరం లేదు. ఈమెయిల్‌కి కూడా పైన కవరు లాంటిది ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. దారిలో ఉన్న ప్రతి యంత్రమూ దాని మీద తన ముద్ర వేస్తుంది: ఎవరి దగ్గర్నుంచి తీసుకుంది, ఎవరికి ఇచ్చింది, ఎన్ని గంటలకి. ఆ భాగం ఒక్కటే అచ్చుతీసి ఇందులో పెట్టాను. పంపినవారు: ఎ. క్వార్టెంగ్. చేరవలసినవారు: శాఖాధిపతి. విషయం: గడువు పొడిగింపు దరఖాస్తు. మీ సర్వర్ తీసుకున్నది డిసెంబరు 11, ఉదయం 10 గంటల 52 నిమిషాలకు. మా యంత్రం అందుకున్నది అదే సాయంత్రం. కింద మా సంస్థ ముద్ర గుండ్రంగా వేయించాను. మా దగ్గర గుండ్రటి ముద్ర ఉంటేనే నమ్ముతారు, మీ దగ్గర ఎలాగో తెలియదు.

ఒక చిన్న విషయం. మీ సర్వర్ వేసిన ముద్రలో గంటల పక్కన బ్రాకెట్లలో ఇలా ఉంది: 'పట్టిక 14, డబ్ల్యూ.జి., నవంబరు 15'. పట్టికను ఆఖరిసారి మార్చినవాళ్ళ పొడి అక్షరాలు, తేదీ అనుకుంటాను. మొత్తం 218 ఉత్తరాల మీదా ఇదే ఉంది. అంతకు ముందు తేదీలతో ఒక్క ఉత్తరమూ మాకు రాలేదు.

డబ్ల్యూ.జి. ఎవరో మీకు తెలిసి ఉండవచ్చు.

డ్రహొమీరా కుబీచ్‌కోవా


థార్న్‌వెల్,
6 ఏప్రిల్ 1992

డ్రహొమీరా గారికి,

తెలుసు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కనబడతాడు.

నవంబరు పదిహేను శుక్రవారం. పామ్‌ఫ్రెట్ అంతకు వారం ముందు నుంచీ నా వెంటపడుతున్నాడు. తన విదేశీ మిత్రులకు రాసినవి ఆలస్యంగా చేరుతున్నాయని, సర్వర్ ముందు మా పద్ధతిలో వెతికి, కాదని తేలాక గానీ ప్రపంచ పద్ధతి చూడదని, అది తిరగేయమని. తిరగేశాను. ముందు ప్రపంచ పద్ధతి, తర్వాత మాది. అదే రోజు కొత్త దేశాల జాబితా కూడా ఎక్కించాను. అందులో మీరున్నారు. రెండు పనులూ విడివిడిగా సరైనవే. కలిపి ఒక్క ఉత్తరం కూడా పంపి చూడలేదు. నాలుగున్నరకి నా బస్సు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడ పనిచేశాను. కార్డులకు చిల్లులు పొడిచే రోజుల నుంచి. ఇంకో రెండేళ్ళలో దిగిపోతాను. ఈ విశ్వవిద్యాలయంలో నాకు ఉన్న ఒకే ఒక్క పేరు 'గార్‌సైడ్‌ని అడగండి' అన్నది. ఏం పాడైనా అదే మాట. పాడుచేసింది గార్‌సైడే అన్న మాట ఇంతవరకు ఎవరికీ అవసరపడలేదు.

మీ అచ్చు కాగితం నా బల్ల మీదే ఉంది. ఆమెకి కావలసింది పైనున్న వరసలు: పేరు, తేదీ, గంట. ఆ బ్రాకెట్లు ఒక అంచున ఉన్నాయి. మీ గుండ్రటి ముద్ర వాటికి బాగా దూరంలో పడింది. బల్ల మీద కత్తెర కూడా ఉంది. మూడు రోజులుగా ఉంది. మామూలుగా అది సొరుగులో ఉంటుంది.

అబెనా నిన్న మళ్ళీ వచ్చింది. "ఏమైనా తెలిసిందా సార్?" అంది. "ఇంకా చూస్తున్నాను" అన్నాను.

మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. మీకైతే ఎలాగూ తెలుసు.

విల్ఫ్రెడ్ గార్‌సైడ్


బ్రాటిస్లావా,
15 ఏప్రిల్ 1992

గార్‌సైడ్ గారికి,

సలహా ఇవ్వను. నా కారణం నా సొంతం అన్నాను కదా, అది చెబుతాను.

ఇంజినీరు కావడానికి ముందు 1971 నుంచి 76 దాకా ఒక చిన్న పట్టణంలో తపాలా కార్యాలయంలో పనిచేశాను. కౌంటరూ నాదే, సార్టింగూ నాదే. నా సొరుగులో ఒక పేర్ల జాబితా ఉండేది. విదేశాల నుంచి ఆ పేర్లకు వచ్చినవి వేరే బుట్టలో వేయాలి. ప్రతి బుధవారం రహస్య పోలీసులు ఇద్దరు వచ్చి బుట్ట పట్టుకెళ్ళేవాళ్ళు. కొన్ని తిరిగి వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. నేను ఏ ఒక్కటీ తెరవలేదు. చాలా ఏళ్ళు అది నా గొప్పతనంగా చెప్పుకున్నాను, ముఖ్యంగా నాకు నేను.

వ్లాస్తా అని ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ అన్న ఆస్ట్రియాకి పారిపోయాడు. ప్రతి శుక్రవారం కౌంటరు దగ్గరికి వచ్చేది.

"నాకేమైనా వచ్చిందా అక్కా?"

"రాలేదమ్మా."

వచ్చేవి. నా చేత్తోనే బుట్టలో వేసేదాన్ని. అతని రాత ఏటవాలుగా ఉండేది, ఇప్పటికీ గుర్తుపడతాను. పదకొండు శుక్రవారాలు 'రాలేదమ్మా' అన్నాను. పన్నెండోసారి ఆమె అడగలేదు. నా ముఖం కాసేపు చూసి, ఒక స్టాంపు కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టుకోకుండా వెళ్ళిపోయింది.

తొంభైలో ఆమెను వెతికాను. బ్ర్నోలో ఉంటోందని తెలిసి ఇంటికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. కాఫీ ఇచ్చింది. "నాకు అప్పుడే తెలుసు అక్కా. నీ నోటితో చెబుతావేమోనని వచ్చేదాన్ని" అంది. అన్న అంతకు ముందే చనిపోయాడు.

మీరు కత్తెర గురించి రాశారు. నాకు ఆ కత్తెర కూడా అవసరం కాలేదు.

అచ్చు కాగితం ఒకటే తీశాను. మీ సంఘానికి విడిగా ఏమీ పంపలేదు, పంపను.

డ్రహొమీరా


థార్న్‌వెల్,
7 మే 1992

డ్రహొమీరా గారికి,

ముప్పైన సంఘం కూర్చుంది. పామ్‌ఫ్రెట్, రిజిస్ట్రార్ హెబుల్‌త్‌వెయిట్ గారు, ఇంకో ముగ్గురు. ఒక పక్కన అబెనా. నా పక్కన టీ పాత్ర.

కాగితం మొత్తం ఇచ్చాను. చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. మీ గుండ్రటి ముద్రను అందరూ మెచ్చుకున్నారు. రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు పైకి నెట్టి అడిగారు:

"అయితే ఈ పిల్ల దరఖాస్తు రెండు రోజుల ముందే పంపింది. అది తిన్నగా చెకొస్లొవేకియా వెళ్ళింది. అంతేనా?"

"అంతేనండీ."

"పక్క భవనానికి వెళ్ళమంటే?"

"అవునండీ."

"ఈ బ్రాకెట్లలో డబ్ల్యూ.జి. అని ఉందే, ఏమిటది?"

నేను నోరు తెరిచేలోపు పామ్‌ఫ్రెట్ అందుకున్నాడు. "వెస్ట్ గేట్ అయ్యుంటుంది లెండి. సర్వర్ ఉన్నది వెస్ట్ గేట్ భవనంలోనే కదా."

అందరూ తలలూపారు. ఒకాయన రాసుకున్నాడు కూడా. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ భవనంలో పనిచేస్తూ దాని పేరూ నా పేరూ ఒకే అక్షరాలని నాకెప్పుడూ తట్టలేదు. డ్రహొమీరా గారూ, నా నోట్లోంచి ఒక్క మాట రానక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. నాకు పనిమంతుడినన్న పేరు వచ్చిందే ఇలా చప్పుడు కాకుండా చక్కబెట్టడంలో.

"కాదండీ. విల్ఫ్రెడ్ గార్‌సైడ్" అన్నాను.

"ఎవరాయన?" అంది రిజిస్ట్రార్ గారి పక్కనున్నామె.

"నేనే."

తర్వాత మొత్తం చెప్పాను. నవంబరులో పరీక్షించకుండా మార్చడం, జనవరిలో మీ ఉత్తరం అందిన రోజే దిద్దుకుని ఎవరికీ చెప్పకపోవడం, మార్చిలో ఆమె నా ఎదురుగా నిలబడి అడిగితే తెలియనట్టు కనుక్కుంటానన్న సంగతి. 218 అన్న అంకె విన్నాక పామ్‌ఫ్రెట్ తలెత్తాడు. "అంటే నాకు రావలసినవి ఇంకా ఉన్నాయా?" అన్నాడు. "డెబ్భై దాకా ఉండొచ్చండీ" అన్నాను. ఆయన ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువ కనిపించింది.

అబెనాకి ఆర్నెల్లూ ఇచ్చారు, పోయిన నెలలు కూడా కలిపి. నన్ను సర్వర్ నుంచి తీసి మాన్యువల్స్ గదికి మార్చారు. పాత యంత్రాల పుస్తకాలు అక్కడ అరల్లో ఉంటాయి. చదవడానికి ఎవరూ రారు. ఒక పాత యంత్రం మాత్రం నాతో పాటు తెచ్చుకోనిచ్చారు. పోస్ట్‌మాస్టర్ పని ఒక కుర్రాడికి కాదు, యాభై ఐదేళ్ళ గ్లాడిస్ పికప్ అనే ఆమెకి ఇచ్చారు. ఆమె ప్రతిదీ రెండుసార్లు పరీక్షిస్తుంది.

బయట మెట్ల మీద అబెనా ఆగింది. ధన్యవాదాలు చెబుతుందేమోనని నేనే ముందు "అక్కర్లేదమ్మా" అన్నాను.

"చెప్పబోవట్లేదు సార్" అంది. "ఏడు వారాలు నేను నిద్రపోలేదు. మా అమ్మకి ఫోన్ చేసి 'నేను పంపానో లేదో నాకే సరిగ్గా గుర్తులేదు' అని చెప్పాను. నేను! అది ఎప్పటికైనా మరిచిపోతానేమో. ఇవాళైతే కాదు."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

టేపు పంపగలరా? అన్నీ ఎవరివి వాళ్ళకి ఇప్పిస్తానని సంఘం ముందు ఒప్పుకున్నాను.

విల్ఫ్రెడ్


బ్రాటిస్లావా,
20 మే 1992

విల్ఫ్రెడ్ గారికి,

టేపు వేరే పార్శిల్‌లో పంపాను. మా కాపీ చెరిపేశాను. లుబోష్ చాలా బాధపడ్డాడు. కుర్చీల సంగతి ఏమైందో ఎప్పటికీ తెలియదన్నాడు.

అబెనా లాగా కౌంటరు అవతల నిలబడ్డ మనిషికి ఏమనాలనిపిస్తే అది అనే హక్కుంది. వ్లాస్తా నాకు కాఫీ ఇచ్చింది కానీ మళ్ళీ రమ్మనలేదు.

మీరు 'వెస్ట్ గేట్' ఒప్పుకోలేదని చదివి ఆ కాగితం మడిచి, పని చేసుకుని, మళ్ళీ తీసి చదివాను. ఇంతకు మించి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నా పుస్తకాల్లో లేదు.

డ్రహొమీరా


థార్న్‌వెల్,
29 జూన్ 1992

డ్రహొమీరా గారికి,

అన్నీ చేర్చాం. గ్లాడిస్ ఒక్కోదాని పైన 'ఆలస్యానికి కారణం: కంప్యూటర్ సర్వీసు' అని పెడదామంది. 'డబ్ల్యూ. గార్‌సైడ్' అని పెట్టమన్నాను.

చాలా వరకు మీటింగులే. ఆ మాటలో నేను పూర్తిగా అబద్ధం ఆడలేదు. క్రిస్మస్ భోజనానికి రమ్మన్న పిలుపులు పదహారు. కుర్చీలు వద్దని శాఖ తేల్చేసిందట, కొనేశాక. కానీ లెక్చరర్లు ఇద్దరున్నారు, ఒకే వరండాలో రెండు గదుల అవతల ఉంటారు. ఒకాయన డిసెంబరులో ఇంకొకాయనకి ఏదో క్షమాపణ రాశాడు. జవాబు రాలేదని ఇతనికి కోపం, క్షమాపణ చెప్పలేదని అతనికి కోపం. ఆర్నెల్లుగా ఎదురుపడితే గోడ చూసుకుంటూ నడుస్తున్నారు. ఉత్తరం చేరిన రోజు సాయంత్రం ఇద్దరూ కలిసి నా మాన్యువల్స్ గదికి వచ్చారు. సర్ది చెప్పుకున్నామని చెప్పడానికి కాదు, నన్ను తిట్టడానికి. చాలాసేపు తిట్టారు. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకున్నారు. చూడముచ్చటగా ఉంది.

అబెనా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం రాస్తోంది. పాత యంత్రం పుస్తకం ఒకటి కావలసి నా గదికే రావలసి వచ్చింది. "ఇది ఉందా?" అంది. "ఉంది" అని తీసిచ్చాను. సంతకం పెట్టి తీసుకెళ్ళింది.

విల్ఫ్రెడ్


బ్రాటిస్లావా,
2 డిసెంబరు 1992

విల్ఫ్రెడ్ గారికి,

వేసవి నుంచి రాయలేదు. మా పార్లమెంటు తీరిక దొరకనివ్వలేదు.

పేపర్లో చూసే ఉంటారు. ఈ నెలాఖరుతో చెకొస్లొవేకియా ఆగిపోతుంది. జనవరి ఒకటి నుంచి రెండు దేశాలు. కాబట్టి సి.ఎస్. అన్న అక్షరాలు కూడా క్రమంగా తీసేస్తారు. మీ కంప్యూటర్ సైన్స్ శాఖకి ఇక ఏ ప్రమాదమూ లేదు. మీ పద్ధతి మార్చుకోవలసిన పని లేకుండా మేం దేశాన్ని తీసేస్తున్నాం. మీ పద్ధతి తయారుచేసిన పెద్దమనిషికి ఈ శుభవార్త చెప్పండి.

పట్టిక తయారుచేసే పని నాకు ఇచ్చారు. సి.ఎస్.లో ఉన్న ప్రతి పేరూ ఇటో అటో వెళ్ళాలి. స్లొవేకియా అయితే ఎస్.కె., చెక్ అయితే సి.జెడ్. పొద్దున్నుంచీ ఫోన్లే. ప్రాగ్ నుంచి ఒకాయన "అమ్మా, మా ఆవిడ స్లొవేకియాలో, కోషిత్సేలో చదువుకుంటోంది, ఒకే ఇంట్లో రెండు రకాలు ఎలా?" అన్నాడు. "చిరునామా యంత్రానికి గానీ సంసారానికి కాదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నేను చెక్ వైపున్న మొరావియాలో పుట్టాను, హొదొనీన్‌లో. ఇక్కడికి రైల్లో గంటన్నర. మా అమ్మ అక్కడే. ఇరవై ఏళ్ళ పైన నా పని, నా ఇల్లు, తోట ముక్క అన్నీ ఇటు స్లొవేకియా వైపు. ఇప్పుడు చెక్ వైపు బ్ర్నోలో కొత్త కేంద్రం పెడుతున్నారు, రమ్మంటున్నారు. ఇక్కడివాళ్ళు ఉండమంటున్నారు. ఏ దేశస్థురాలివో రాయమని ఫారం ఇచ్చారు. ఒకే గడి ఉంది. మా అమ్మని అడిగాను. "నేను పుట్టినప్పుడు చక్రవర్తి ఉండేవాడు. తర్వాత ఎవరూ నన్ను అడగలేదు. నిన్ను అడిగారంటే గొప్పే" అంది.

పాత సి.ఎస్. జాబితా, కొత్త పట్టిక రెండిటి అచ్చూ ఇందులో పెట్టాను. కొత్తదాంట్లో 340 పేర్లు. దయచేసి చూసిపెట్టండి. ఇలాంటి పని ఎంతగా చెడగలదో స్వయంగా తెలిసినవాళ్ళు నాకు మీరొక్కరే.

డ్రహొమీరా


థార్న్‌వెల్,
14 డిసెంబరు 1992

డ్రహొమీరా గారికి,

పట్టిక మొత్తం నా పాత యంత్రంలోకి కొట్టి, ఒక్కో పేరుకీ ఒక ఉత్తరం తయారుచేసి నడిపించి చూశాను. మా పద్ధతిలో ఒకసారి, మీ పద్ధతిలో ఒకసారి. గ్లాడిస్ వచ్చి మూడోసారి నడిపించింది.

చాలా బాగా చేశారు. రెండుచోట్ల చుక్క తప్పింది, ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను. 117, 206.

ఇక మిగిలింది ఒక్కటే. పాత జాబితాలో 341 పేర్లున్నాయి, కొత్త దాంట్లో 340. తేడా ఏమిటా అని రెండు రోజులు వెతికాను. లేనిది మీ పేరు. ఎస్.కె.లో లేదు, సి.జెడ్.లో లేదు. జనవరిలో ఎవరైనా మీకు రాస్తే, మనిషి ఎవరో తేలక అది పోస్ట్‌మాస్టర్ బుట్టలో పడుతుంది. అంటే మీకే వస్తుంది కాబట్టి నష్టం లేదనుకున్నారేమో. కానీ పోస్ట్‌మాస్టర్లు మారుతుంటారు. ఆ సంగతి నాకు తెలుసు.

ఫారం సంగతి నేను చెప్పలేను. ఒక గడిలో ఒకటే పడుతుంది. పట్టిక మాత్రం అలాంటిది కాదు. ఒకే మనిషిని రెండుచోట్లా రాయకూడదన్న నియమం ఎక్కడైనా ఉందేమోనని నా గదిలో ఉన్న మాన్యువల్స్ అన్నీ తిరగేశాను. వాటిని చదవడానికి ఇంతకు ముందు ఎవరికీ కారణం దొరకలేదు. నియమం లేదు. బహుశా ఎవరికీ అవసరపడి ఉండదు.

అందుకని మీ పేరు రెంటిలోనూ రాశాను, 341 అనీ 342 అనీ. రెంటికీ ఉత్తరం పంపి చూశాను. రెండూ మీకే చేరతాయి.

మీకు నచ్చకపోతే ఏదో ఒకటి కొట్టేయండి. నచ్చితే అలాగే ఉండనివ్వండి, లుబోష్‌కి చెప్పకండి. పండుగకి హొదొనీన్ వెళితే మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

జనవరిలో మీకు వీలైన వైపు నుంచి రాయండి. రెండు వైపుల నుంచీ వస్తే రెండూ చదువుతాను.

విల్ఫ్రెడ్ గార్‌సైడ్